పట్టా ఎవరి పేర నున్నది? – సంఘమునకు వెబ్‌సైటును, ఈ-మెయిలును ఎంచుకొను పద్ధతి



మనలో నెవ్వరైనను ఒక ఎకరము భూమి కొనబోవునప్పుడు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "పట్టా ఎవరి పేర నున్నది?" నేల నల్లరేగడియా, ఎర్రచెలకయా, బావిలో నీరెంత, బండి పోవుటకు బాట యున్నదా యను ప్రశ్నలన్నియు తరువాతివి. పట్టా పరుని పేర నున్న భూమిలో మన మెంత యెరువు వేసినను ఆ కష్టఫలము పరునికే చెందును. ఈ సంగతి మనకు చిన్ననాటినుండి తెలియును. ఐనను మన సంఘములు క్రొత్తగా సంపాదించుకొనుచున్న యొక ఆస్తి విషయమున మాత్రము ఈ ప్రశ్న నడుగుట మరచుచున్నాము. ఆ ఆస్తి సంఘము వెబ్‌సైటు, సంఘము ఈ-మెయిలు.

ఈ మాసపు పాఠమునకు ఈ విషయమును గైకొనుటకు కారణము గలదు. గౌడవెల్లి నేడు పూర్వపు గౌడవెల్లి కాదు. సికింద్రాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుదారిలో మన యూరికి స్టేషను గలదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మనకు సమీపమున కండ్లకోయ కడనే పోవుచున్నది. ఒకప్పుడు కూరగాయలను బోయినపల్లి మార్కెట్టునకు పంపి, అచట పలికిన ధరను పుచ్చుకొని వచ్చుటయే మన వ్యాపారము. నేడు హోటళ్లవారు, హాస్టళ్లవారు, అపార్టుమెంటుల సంఘములవారు నేరుగా కొనుటకు సిద్ధముగా నున్నారు. కాని వారు సరుకు చూచుటకు ముందు ఫోనులో మన పేరు వెదకెదరు. ధరల పట్టికను, బిల్లును ఈ-మెయిలున పంపుమనెదరు. కనుక ఈ ఏర్పాటును గురించి తెలిసికొనుట మనకు అవసరమైనది.

నేను చూచిన యొక నష్టము

కొన్ని సంవత్సరముల క్రిందట కూరగాయలు పండించు కొందరు రైతులు కలిసి యొక చిన్న సంఘముగా నేర్పడిరి. వారికి వెబ్‌సైటు కావలసి వచ్చినది. పట్నములో చదువుకొన్న యొక బంధువుల కుర్రవాడు తక్కువ సొమ్మునకే దానిని చేసియిచ్చెను. అందరును సంతోషించిరి. పేరును కొనునప్పుడు ఆ కుర్రవాడు తన ఈ-మెయిలును, తన కార్డును వాడెను. దీనిని తప్పని యెవ్వరును అనుకొనలేదు. రెండేండ్లు బాగుగానే నడచినది. తరువాత అతడు ఉద్యోగమునకై విదేశమునకు పోయెను. అతని పాత ఫోను నంబరును పోయినది. పేరును తిరిగి కట్టుడని వచ్చిన హెచ్చరిక లన్నియు అతడు చూడని పాత చిరునామాకు చేరినవి.

ఒకనాటి ఉదయమున వెబ్‌సైటు ఆగిపోయినది. దానితోబాటు ఈ-మెయిలును ఆగిపోయినది. ఏలయనగా అదియు ఆ పేరుమీదనే యుండెను. సరిగా ఆ దినములలోనే ఒక హోటలువారు సంవత్సరపు సరఫరాకు ధరలు కోరుచు లేఖ వ్రాసిరి. ఆ లేఖ తిరుగు టపాగా వారికే పోయినది. సంఘము మూతపడినదని వారు తలచి మరియొకరితో ఒడంబడిక చేసికొనిరి. మనవారికి ఈ వార్త తెలియునప్పటికి టమాటా కోతకు వచ్చియుండెను. దానిని మార్కెట్టులో ఏ ధర పలికిన ఆ ధరకే వదలుకొనవలసి వచ్చినది. కొన్ని నెలల పిమ్మట ఆ పేరు నెవరో కొని జూదపు ప్రకటనలు పెట్టిరి. పాత గోనెసంచులమీద అచ్చయిన ఆ పేరును చూచి ఫోనులో వెదకినవారు సిగ్గుపడి మూసివేసిరి.

ఆ కుర్రవాడు మోసగాడు కాడు. తప్పు మన కమిటీది. వెబ్‌సైటును ప్రారంభించిన సభలో నేనును కూర్చుండి చప్పట్లు కొట్టితిని. పట్టా ఎవరి పేర నున్నదని నేనును అడుగనైతిని. అందుచేతనే ఈ పాఠము వ్రాయుచున్నాను.

మూడు వేర్వేరు వస్తువులు

వెబ్‌సైటు అనునది ఒకే వస్తువని పలువురు భ్రమపడుదురు. వాస్తవమునకు ఇందులో మూడు వస్తువులు గలవు. మొదటిది పేరు, దీనిని డొమైను అందురు. రెండవది స్థలము, దీనిని హోస్టింగు అందురు. మూడవది టపా, ఇది ఈ-మెయిలు. పేరు పట్టా వంటిది. స్థలము కౌలుకు తీసికొన్న మడిగె వంటిది. టపా మన గుమ్మమున కట్టిన ఉత్తరాల పెట్టె వంటిది. ఈ మూటిని ఒక్కచోటనే కొనవచ్చును, మూడుచోట్లను కొనవచ్చును.

ఇవి యెట్లు కలిసి పనిచేయునో తెలిసికొందము. ఇంటర్నెట్టులో యంత్రములు ఒకదానినొకటి పేరుతో నెరుగవు; అంకెలతో నెరుగును. మనుష్యులకు అంకెలు జ్ఞాపకముండవు. ఈ చిక్కును తీర్చుటకై 1983లో పాల్ మాకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పేర్ల పద్ధతిని రూపొందించెను. మనము పేరు వ్రాయగానే, ఆ పేరునకు ఎదురుగా నున్న అంకెలను చూచి యంత్రము దారి చూపును. గ్రామములో "ఫలానా వారి ఇల్లెక్కడ?" అని యడిగినవారికి దారి చూపినట్లే యిది. ఇల్లు మారినను పేరు మనదే యైనచో, క్రొత్త యింటికి దారి చూపుమని మనము చెప్పగలము. పేరు మనది కానిచో ఇల్లెంత చక్కగా నున్నను దారి మన చేతిలో లేదు. ఈ పాఠములో ముఖ్యమైన మాట యిదియే.

మొదటిది: పేరు

పేరును ఎవ్వరును శాశ్వతముగా కొనలేరు. సంవత్సరమునకో, కొన్ని సంవత్సరములకో రుసుము కట్టి యుంచుకొనవలెను. మన దేశపు "డాట్ ఇన్" పేర్లను నిక్సీ యను సంస్థ పర్యవేక్షించుచున్నది. ఆ సంస్థ 2003లో స్థాపింపబడినది. తెలుగు లిపిలో "డాట్ భారత్" అను పేరును గలదు. అది చూచుటకు ముచ్చటగా నుండును గాని, తెలుగు లిపిలోని చిరునామాకు ఉత్తరములు పంపుటను అన్ని ఈ-మెయిలు ఏర్పాట్లును ఇంకను అంగీకరించుట లేదు. కనుక దానిని రెండవ పేరుగా నుంచుకొని, ఇంగ్లీషు అక్షరముల పేరును మొదటిదిగా నుంచుకొనుట మేలు. సహకార సంఘములకే ప్రత్యేకించిన "డాట్ కోప్" అను పేరును గలదు. దీనిని ఐకాన్ అను అంతర్జాతీయ సంస్థ 2000 సంవత్సరమున ఆమోదించినది. సహకార సంఘములు కానివారికి ఇది దొరకదు. ఖర్చు కొంత హెచ్చు. చిన్న సంఘమునకు "డాట్ ఇన్" చాలును.

పేరు పొట్టిగా నుండవలెను. ఫోనులో ఒక్కసారి చెప్పిన అవతలివారు తప్పులేకుండ వ్రాసికొనగలుగవలెను. నడుమ గీతలు, అంకెలు వలదు. మన "గౌడవెల్లి"నే చూడుడు. ఇంగ్లీషులో ఒకరు ఒకవిధముగ, మరొకరు మరొకవిధముగ వ్రాయుదురు. ఊరి పేరు పెట్టదలచినచో రెండు మూడు విధముల వర్ణక్రమములను కొని, అన్నిటిని ఒక్క వెబ్‌సైటునకే త్రిప్పవచ్చును.

గడువు మరచిపోవుట చిన్నవారికే కాదు, మిక్కిలి పెద్దవారికిని జరిగినది. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థవారు తమ "పాస్‌పోర్ట్ డాట్ కామ్" అను పేరునకు రుసుము కట్టుట మరచిరి. తత్ఫలితముగా హాట్‌మెయిల్ వాడువారనేకులు తమ ఉత్తరములను చూచుకొనలేకపోయిరి. మైకేల్ చేనీ యను అమెరికా ప్రోగ్రామరు క్రిస్మసు దినమున తన సొంత సొమ్ము 35 డాలర్లు కట్టి ఆ చిక్కును తీర్చెను. అంత సంస్థకు దయగల అపరిచితుడు దొరకెను. మనకు దొరకునని నమ్మరాదు.

"డాట్ కామ్" పేర్ల విషయమున గడువు దాటిన పిమ్మట అమ్మినవారు కొన్ని దినములు ఓపిక పట్టుదురు. పేరును వారు తొలగించిన తరువాత 30 దినములు హెచ్చు రుసుముతో విడిపించుకొను అవకాశముండును. అదియును గడచిన 5 దినములకు ఆ పేరు బజారున పడును, ఎవరైనను కొనవచ్చును. కనుక రెండు మూడేండ్ల రుసుమును ఒక్కసారే కట్టుట మంచిది. పేరు కొన్న ఖాతాలో సంఘము పేరు, కార్యదర్శి పదవికి చెందిన ఈ-మెయిలు, సంఘము ఫోను నంబరు ఉండవలెను. ఆ ఈ-మెయిలు కొనుచున్న పేరుమీదనే యుండరాదు. పేరు ఆగినచో హెచ్చరికయును ఆగును గదా. ఇందుకొరకు వేరుగా నొక ఉచిత ఈ-మెయిలును సంఘము పేర తెరచి, తరచుగా చూచుచుండవలెను.

రెండవది: స్థలము

స్థలము మూడు విధములు. ఒకటి ఉచిత స్థలము; ఇది సత్రము వంటిది. రెండవది పలువురు పంచుకొను యంత్రములో భాగము. ఇది వరుస మడిగెలలో ఒక మడిగె వంటిది. మూడవది మనకే ప్రత్యేకమైన యంత్రము. ఇది సొంత గోదాము వంటిది, కాపలాకు తెలిసిన మనిషి కావలెను. మనవంటి సంఘములకు రెండవది తగినది.

ఉచితమైన దానిని హీనముగా చూడవలదు. కాని సత్రము మూసినప్పుడు మూట సర్దుకొని పోవలసినదే. గూగుల్ సంస్థవారు చిన్న దుకాణములకు ఉచితముగా నిచ్చిన వెబ్‌సైటులను 2024 మార్చిలో ఆపివేసిరి. సొంత పేరు గలవారు క్రొత్త స్థలమునకు మారిరి. ఆ సంస్థ యిచ్చిన పేరునే సంచులమీదను బోర్డులమీదను అచ్చు వేయించుకొన్నవారి అచ్చుఖర్చు వ్యర్థమైనది.

అమ్మువారు "అపరిమిత స్థలము" అని ప్రకటించుదురు. మనకెంత కావలెనో లెక్క వేసికొందము. 8 పుటలు, 30 ఫొటోలు అనుకొనుడు. ఒక్కొక్క ఫొటోను 200 కిలోబైట్లకు తగ్గించినచో అన్నియు కలిపి 6 మెగాబైట్లు. నెలకు 1,000 మంది వచ్చి, ఒక్కొక్కరు 2 మెగాబైట్లంత చూచినను నెలకు 2 గిగాబైట్లు. అన్నిటికన్న చిన్న మడిగెయైనను దీనికి చాలును. ఫోనులో తీసిన ఫొటోను 4 మెగాబైట్ల పరిమాణముతో నట్లే పెట్టినచో కొనుగోలుదారు ఫోనులో పుట తెరచుకొనదు. అది స్థలము చాలని దోషము కాదు, మన అజాగ్రత్త.

యంత్రము ఏ దేశమున నున్నదని విశేషముగ చింతింపవలదు. మన దేశమున నుండిన పుట కొంత త్వరగా తెరచుకొనును. అమెజాన్ సంస్థవారు 2022 నవంబరులో హైదరాబాదుననే తమ యంత్రశాలలను ప్రారంభించిరి. దూరముకన్న ముఖ్యమైనది నకలు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. అను సంస్థ యంత్రశాల యొకటి అగ్నికి ఆహుతి యైనది. నకలును వేరొకచోట నుంచుకొన్నవారు తేరుకొనిరి. నకలు లేనివారును, నకలును అక్కడనే యుంచినవారును సమస్తమును పోగొట్టుకొనిరి. విత్తనమంతయు ఒక్క గరిసెలోనే పోయరాదని మన పెద్దలెరుగుదురు. నెలకొకసారి వెబ్‌సైటు నకలును దింపించి, సంఘము ఆఫీసులోని కంప్యూటరులో నొకటి, విడిగా పెన్‌డ్రైవులో నొకటి భద్రపరచవలెను.

సొమ్ము కట్టుటకు ముందు అమ్మువారిని ఈ క్రింది ప్రశ్నలు అడుగుడు.

1. మొదటి సంవత్సరపు ధర కాక, రెండవ సంవత్సరమునుండి ఎంత? 18 శాతము జీ.ఎస్.టీ. అందులో చేరినదా?
2. నకలు ఎన్ని దినముల కొకసారి తీయుదురు? తిరిగి పెట్టుటకు వేరే సొమ్మా?
3. తాళపు గుర్తునకు వేరుగా సొమ్ము అడుగుదురా? లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015నుండి దీనిని ఉచితముగా నిచ్చుచున్నది. అది లేని వెబ్‌సైటును క్రోమ్ 2018 జూలైనుండి "సురక్షితము కాదు" అని చూపుచున్నది.
4. మేము వేరుచోటికి పోదలచిన మా సరంజామా అంతయు ఇచ్చెదరా?
5. ఆపద సమయమున మాటాడు మనిషి యున్నాడా? ఇది నోటితో నడుగ పనిలేదు. కొనుటకు ముందే ఒక సాయంకాలము ఫోను చేసి చూడుడు.

మూడవది: టపా

ఒక వృద్ధ రైతు నన్నిట్లడిగెను: "అయ్యా, మా మనుమని ఫోనులో వాట్సాప్ ఉన్నది గదా! ఈ-మెయిలు మన కెందుకు?" నేనిట్లంటిని: "పెద్దయ్యా, వాట్సాప్ నోటిమాట వంటిది. ఈ పూట ఎన్ని గంపలు అని యడుగుటకు అది చాలును. బిల్లు, ఒడంబడిక, బ్యాంకు కాగితము — వీనికి ఉత్తరము కావలెను. మీ మనుమడు అత్తవారింటికి పోయినను ఆ ఉత్తరము సంఘము పెట్టెలోనే యుండవలెను." ఆయన కొంచెము ఆలోచించి, "అట్లయిన పెట్టె తాళపుచెవి ఇద్దరికడ నుండవలె"నని చెప్పెను. నేను చెప్పదలచిన దానికన్న అది మేలైన మాట.

ఈ-మెయిలు మనుష్యుల పేర కాక పనుల పేర నుండవలెను. అమ్మకములు, లెక్కలు, కార్యదర్శి అను మూడు చిరునామాలు చాలును. సేవను అమ్మువారు తరచుగా పెట్టెకింత యని నెలసరి సొమ్ము తీసికొందురు. కనుక నిజమైన పెట్టె ఒకటి రెండు కొని, తక్కినవానిని ఆ పెట్టెకే చేరు మారుపేర్లుగా పెట్టించుకొనుడు. ఖర్చు తగ్గును.

హోస్టింగుతో ఈ-మెయిలు ఉచితమని కొందరు చెప్పుదురు. తీసికొనవచ్చును గాని రెండు లోపములు గలవు. స్థలము మార్చినప్పుడు ఉత్తరములను కూడ మోసికొని పోవలెను. మరియు ఒకే యంత్రమును పంచుకొను పొరుగువాడు దొంగ ఉత్తరములు పంపినచో, ఆ యంత్రమునకు వచ్చిన చెడ్డపేరు మన ఉత్తరములకును తగులును. అందుచేత ఈ-మెయిలునకే ప్రత్యేకించిన సేవను వేరుగా కొనుట క్షేమము.

ఉత్తరము అవతలివారి చెత్తబుట్టలో పడకుండుటకు మూడు గుర్తులు పెట్టించవలెను. మన తరఫున ఉత్తరము మోయుట కెవరికి అనుమతి గలదో తెలుపు జాబితా ఎస్.పీ.ఎఫ్. ఉత్తరముమీద లక్క ముద్ర వంటిది డీ.కే.ఐ.ఎం. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరము నేమి చేయవలెనో తెలుపు ఆజ్ఞ డీమార్క్. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరినుండి ఇట్టి గుర్తుల విషయమున నియమములను బిగించినవి. ఈ మూడు పేర్లను కాగితముమీద వ్రాసి, వెబ్‌సైటు చేయువానికిచ్చి, పెట్టిన తరువాత చూపుమనుడు.

మరియొక జాగ్రత్త. దొంగ యొకడు మన పెట్టెలో చొరబడి, కొనుగోలుదారునికి "మా బ్యాంకు ఖాతా మారినది" అని వ్రాయగలడు. సరుకు మనది, సొమ్ము దొంగది యగును. సంకేతపదముతోబాటు ఫోనుకు వచ్చు రెండవ పరీక్షను తప్పక పెట్టుకొనుడు. ఖాతా మార్పు ఉత్తరమును ఫోనులో నడుగకుండ నమ్మవద్దని కొనుగోలుదారులకు ముందే తెలుపుడు. మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అందరికిని వెబ్‌సైటు కావలెనా?

కావలెనని నేను చెప్పను. పంటనంతయు బోయినపల్లిలోనే అమ్ము రైతునకు దానితో పనిలేదు. నేరుగా అమ్మదలచిన సంఘమునకు మొదట పేరు, తరువాత ఈ-మెయిలు, ఆ తరువాత ఒక్క పుట చాలును. ఆ పుటలో మన మెవరము, ఏ మాసమున ఏ పంట, ఎంత సరుకు, ఎవరికి ఫోను చేయవలెను అను నాలుగు సంగతులుండిన చాలును. నిరుటి ధరలు చూపు పెద్ద వెబ్‌సైటుకన్న నేటి సంగతి చెప్పు చిన్న పుట మేలు.

1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేల్ నేతగాండ్రు మొదలైనవారు చిన్న దుకాణము తెరచినప్పుడు వారి మూలధనము స్వల్పము. కల్తీలేని సరుకు, సరియైన తూకము అను పేరే వారిని నిలిపినది. మన తెలంగాణములో 1956లో స్థాపింపబడిన ముల్కనూరు సహకార సంఘమునకును పేరే పెట్టుబడి యైనది. అట్టి పేరును సంపాదించుటకు ఏండ్లు పట్టును. దానిని ఒక పరాయి ఖాతాలో నుంచి మరచుట తగదు.

కమిటీకి నమూనా తీర్మానము

"సంఘము డొమైను, హోస్టింగు, ఈ-మెయిలు ఖాతాలు సంఘము పేరననే యుండవలెను. బిల్లులు సంఘము పేర తీసికొని సంఘము బ్యాంకు ఖాతానుండి చెల్లింపవలెను. సంకేతపదములను కార్యదర్శియు, కోశాధికారియు తెలిసియుండి, సీలువేసిన కవరులో బీరువాయందు భద్రపరుపవలెను. పదవులు మారిన దినముననే సంకేతపదములను మార్చవలెను. గడువు తేదీలను ప్రతి మహాసభలో చదివి వినిపింపవలెను."

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘము డొమైను ఖాతాలో ఎవరి పేరు, ఎవరి ఫోను నంబరు ఉన్నవి?
2. దాని గడువు ఏ తేదీన ముగియును? హెచ్చరిక ఎవరికి వచ్చును?
3. వెబ్‌సైటు నకలును కడపట ఎప్పుడు తీసితిమి? అది ఎచ్చట నున్నది?
4. వెబ్‌సైటు చేసిన మనిషి రేపు దొరకనిచో, అతడు లేకుండ మన మేయే పనులు చేసికొనగలము?

మొదటి ప్రశ్నకు జవాబు తెలియని సంఘమువారు వచ్చు సమావేశమువరకు ఆగవలదు. వెబ్‌సైటు చేసినవారికి నేడే ఫోను చేయుడు. వారు దగ్గర నున్నప్పుడు, మనసు మంచిగా నున్నప్పుడు, పేరును సంఘము ఖాతాకు మార్చించుట కొద్దిసేపటి పని. వారు దూరమైన పిమ్మట అది సాధ్యమగునో కాదో చెప్పలేము.